రంగు చొక్కా వేసుకున్న బంగారుతీగ

ఒడిశా బరంపురంలో ‘కోయి’ అనే మాట తీస్తే ముందు ఒక చిన్న తికమక. పక్కింటి ఒడియావాళ్ళకి ‘కఉ మాఛ’, బెంగాలీలకి ‘కోయి’ అంటే బురదకుంటల్లో దొరికే నాటు చేప. కూర వండుకునేది. మొప్పలతో పాటు తలలో ఉండే ఇంకో అవయవంతో అది నేరుగా గాలి పీల్చుకుంటుంది. తడినేల మీద కాసేపు పాకుతూ కూడా పోగలదు. పెరట్లో సిమెంటు తొట్టి కట్టి, ఎరుపూ తెలుపూ చేపల్ని వదిలి, సాయంత్రం స్టూలు వేసుకుని చూసేవాళ్ళు చెప్పే కోయి అది కాదు. ఇది జపాన్ కోయి. గట్టు మీద పడితే పాకే ఓపిక దీనికి లేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి దగ్గరిదారి ఒకటే. కోయి అంటే రంగు చొక్కా వేసుకున్న బంగారుతీగ. బజారులో కిలో లెక్కన తూచి ఇచ్చే ఆ బంగారుతీగకీ (ఇంగ్లీషులో కామన్ కార్ప్) దీనికీ ఉన్నది చుట్టరికం కాదు, ఇద్దరిదీ ఒకటే ఇల్లు. నోటి పక్కన రెండు జతల మీసాలుంటాయి. గోల్డ్‌ఫిష్‌కి మీసాలుండవు. సంచిలో వేలెడు పిల్లలు కలిసిపోయి వచ్చినప్పుడు తేడా పట్టుకునేది ఈ మీసాలతోనే. రంగు సంగతి పక్కనపెట్టి బంగారుతీగ ఎలా గుడ్లు పెడుతుందో, ఏం తింటుందో, ఎందుకు చస్తుందో తెలుసుకుంటే కోయి పెంపకంలో ముప్పావు వంతు తెలిసినట్టే. మిగిలిన పావు వంతు రంగు. అసలు చిక్కు అక్కడుంది.

ఈ రంగు ప్రకృతి ఇచ్చింది కాదు, మనిషి ఏరుకున్నది. జపాన్‌లో నీగాటా ప్రాంతపు కొండపల్లెల్లో రైతులు తిండికోసం కుంటల్లో కార్ప్ పెంచేవాళ్ళు. వాటిలో అక్కడక్కడా ఎర్రమచ్చతోనో తెల్లగానో పుట్టినవాటిని 19వ శతాబ్దం మొదట్లో విడిగా ఉంచి జతకట్టించడం మొదలైంది. 1904లో జర్మనీ నుంచి వచ్చిన, పొలుసులు తక్కువుండే మిర్రర్ కార్ప్‌తో కలపడంతో ఇంకో శాఖ పుట్టింది. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనలో పెట్టాకే మిగతా జపాన్‌కి ఈ చేపల సంగతి తెలిసింది.

మన దేశానికి మిర్రర్ కార్ప్ 1939లో నీలగిరులకి వచ్చింది. మైదానాల వేడికి తట్టుకునే బ్యాంకాక్ రకం బంగారుతీగ 1957లో వచ్చింది, అదీ కటక్‌కి. అదే ఏడాది జులై 10న ఒడిశాలోనే అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి మన కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. మన బొచ్చె, శీలావతి (ఒడియాలో భాకుర, రోహి) నది పొంగితే తప్ప గుడ్లు పెట్టవు. కదలని చెరువులో గుడ్లు కడుపులోనే ఉండిపోతాయి, అందుకే సూది. బంగారుతీగకి అవేవీ అక్కర్లేదు. నిలవ నీరు, నాలుగు నాచుమొక్కలు, రెండు మగచేపలు ఉంటే చాలు. కోయికీ అంతే.

కాబట్టి “మా తొట్టిలో కోయి గుడ్లు పెట్టింది” అన్నది పెద్ద ఘనత కాదు. పెట్టకపోతేనే ఆలోచించాలి.

జపాన్ చలిలో ఆడ కోయి ఈడుకి రావడానికి మూడేళ్ళు పడుతుంది. మన వేడిలో బంగారుతీగ ఏడాది తిరక్కుండానే ఈడుకొస్తుంది, మగది ఇంకా ముందు. మన దేశంలో ఇవి దాదాపు ఏడాది పొడవునా గుడ్లు పెట్టగలవు గానీ, జోరు రెండు విడతల్లో ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, జులై, ఆగస్టుల్లో ఇంకొకటి. ఇక్కడి గంజాం, గజపతి జిల్లాల లెక్కలో చెప్పాలంటే సంక్రాంతి చలి విరగడంతో మొదలై శివరాత్రి దాటేదాకా మొదటి విడత, రథయాత్ర వానలు పడ్డాక రెండోది. ఇది వినడానికి లాభంలా ఉంటుంది. కానీ తిన్న తిండిలో పెద్ద భాగం ఏటా రెండుసార్లు గుడ్లకే పోతే ఒంటికి ఏం మిగులుతుంది? రెండేళ్ళయినా జానా బెత్తెడు దగ్గరే ఆగిపోయిన ఆడ కోయిల వెనక ఇది కూడా ఒక కారణం. అందుకే చేప పొడుగు పెరగాలనుకునేవాళ్ళు ఆడా మగా విడదీసి పెంచుతారు.

విడదీయాలంటే గుర్తుపట్టాలి. ఈడుకొచ్చిన మగదాని మొప్పల మూత మీద, ఛాతీ రెక్కల మీద తెల్లటి సన్న పొక్కుల్లాంటివి లేస్తాయి. వేలితో రాస్తే గరుకు కాయితంలా తగులుతుంది. కొత్తవాళ్ళు దాన్ని జబ్బనుకుని టెన్షన్ పడి మందు వేసేస్తారు. పొట్ట మీద మెత్తగా ఒత్తితే పాలలాంటి ద్రవం వస్తుంది. ఆడదాని పొట్ట రెండు పక్కలా ఉబ్బి మెత్తగా ఉంటుంది. పైనుంచి చూస్తే మగది కదురులా, ఆడది పడవలా కనిపిస్తుంది.

ఒక ఆడదానికి రెండు మగవి అని లెక్క. సాయంత్రం కొత్తనీరు పోసి, హైడ్రిల్లా గుత్తులో, వేళ్ళు బాగా కడిగిన గుర్రపుడెక్కో వేస్తే చాలాసార్లు ఆ తెల్లవారుజామునే తంతు మొదలవుతుంది. ఇంట్లో పడుకున్నవాళ్ళకి తొట్టి దగ్గర ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు వినిపిస్తుంది. మగవి ఆడదాన్ని గోడ వెంబడి తరుముతూ పొట్ట మీద మూతితో పొడుస్తాయి. నీళ్ళ మీద తెల్లని నురగ, వీధిలోకి కూడా తెలిసే నీచువాసన. ఎండెక్కేసరికి అంతా సద్దుమణుగుతుంది. నాచు గుత్తి పైకెత్తి చూస్తే పోచపోచకీ ఆవగింజంత గుడ్లు అతుక్కుని ఉంటాయి, నానిన సగ్గుబియ్యంలా నిగనిగలాడుతూ. కిలో బరువున్న ఆడచేప సుమారు లక్ష గుడ్లు పెడుతుంది.

లక్ష అన్న మాట విని సంబరపడేలోపే తల్లిదండ్రులు భోజనానికి కూర్చుంటాయి. కోయికి తన గుడ్డు, ఎదుటివాడి గుడ్డు అన్న తేడా లేదు. ఆ పూటే పెద్దచేపల్ని తీసేయాలి, లేదంటే నాచు గుత్తుల్ని వేరే తొట్టికి మార్చాలి. మరుసటి రోజుకి మగ బీజం తగలని గుడ్లు తెల్లగా సున్నం చుక్కల్లా మారతాయి. వాటి మీద దూదిలా బూజు పట్టి పక్కనున్న మంచి గుడ్లకీ పాకుతుంది. అందుకే కొందరు నీళ్ళలో లేత నీలం వచ్చేంతగా మిథిలీన్ బ్లూ అనే మందు కలుపుతారు. మంచి గుడ్డులో అయితే రెండు నల్లచుక్కలు కనిపిస్తాయి. అవి కళ్ళు. నీటివేడి 28 డిగ్రీల చుట్టూ ఉంటే రెండు రోజుల్లో, 20 దగ్గర ఉంటే మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

పుట్టిన పిల్లలు మొదటి రెండు రోజులు ఈదవు. గాజు ముక్కకి రెండు కళ్ళు అతికించినట్టుండే ఆ ప్రాణి, గోడకో పోచకో వేలాడుతూ పొట్టకింది సొన తాగుతూ గడుపుతుంది. తర్వాత ఒకసారి నీటిపైకి వచ్చి ఓ గుటక గాలి మింగాలి. ఆ గాలితోనే లోపలి గాలితిత్తి నిండుతుంది, అప్పుడే ఈత వస్తుంది. మేత పొడి నూనెలో, ఇంకేదో జిడ్డో నీటిమీద పొరలా పేరుకుని ఉంటే ఆ గుటక పడదు. నీటిపురుగుల్ని చంపడానికి సబ్బూ నూనే కలిపి చల్లడం నర్సరీ చెరువుల్లో పాత పద్ధతి. నూనెపొర వల్ల ఆ పురుగులకి పైన గాలి అందక చస్తాయి. అదే పొర చేపపిల్లకీ ఉచ్చు. అందుకే దాన్ని పిల్లల్ని వదలడానికి ముందే చల్లాలి, పొర విరిగిపోయాకే వదలాలి. పెరటి తొట్టికి అంత హడావిడి అనవసరం. ఖాళీచేసి, ఎండబెట్టి, నీళ్ళు వడగట్టి నింపి, పైన దోమతెర కడితే తూనీగ గుడ్లు పెట్టే పనే ఉండదు. ఎగిరేటప్పుడు అందంగా ఉండే తూనీగ, నీళ్ళలో పెరిగే రోజుల్లో చేపపిల్లలకి యముడు.

ఈత మొదలైన గంట నుంచీ ఆకలే. ఆ నోట్లో పట్టేవి కంటికి కనపడని జీవాలే. వారం ముందు పిడికెడు ఎండు పేడ, చిటికెడు సూపర్ ఫాస్ఫేట్ వేసి పచ్చబరిచిన నీరు ఇక్కడ అక్కరకొస్తుంది. అది లేనివాళ్ళు ఉడికించిన గుడ్డు పచ్చసొనని పలచటి గుడ్డలో మూటగట్టి నీళ్ళలో పిసుకుతారు. పాలమబ్బులా పొగ చిమ్ముతుంది, పిల్లలు ఆ మబ్బులోకి దూరతాయి. గోరంత సొన చాలు. రెండో గోరంత వేసిన చోట సాయంత్రానికి నీరు కంపు కొడుతుంది. వారం దాటాక నీటిఈగలు (డాఫ్నియా అనే సన్న నీటిజీవాలు), ఆపైన తవుడూ వేరుశనగ చెక్కా సమపాళ్ళలో దంచి జల్లించిన పొడి సరిపోతాయి.

మూడోవారానికి ఇంకో సమస్య. ఒకే పూట పుట్టిన పిల్లల్లో కొన్ని మిగతావాటికి రెట్టింపవుతాయి. వాటి నోరు పెద్దది, తమ్ముళ్ళు చిన్నవి. ఇక చెప్పేదేముంది. సైజువారీగా వేరుచేయకపోతే లెక్క రోజురోజుకీ తగ్గుతూ, బలిసినవి ఇంకా బలుస్తూ పోతాయి.

ఇప్పుడు రంగు. కొత్తగా పెంచేవాళ్ళని ఎక్కువగా నిరాశపరిచేది ఇదే. తల్లీ తండ్రీ ఇద్దరూ చక్కటి ఎరుపు తెలుపు కోహాకులైనా పిల్లల్లో చాలామటుకు తెల్లవో, పాలిపోయిన నారింజవో, మచ్చ ఎక్కడపడితే అక్కడున్నవో వస్తాయి. రంగు ఉండటం, లేకపోవడం పుట్టుకతో వస్తుంది. కానీ మచ్చ ఎక్కడ పడాలో, అంచు ఎంత పదునుగా ఉండాలో ఖాయంగా చేతికొచ్చేది కాదు. నీగాటా పెంపకందార్లు విడతలు విడతలుగా ఏరి, చివరికి పిడికెడు మిగుల్చుకుంటారు. నలుపు ప్రధానమైన షోవా రకంలో ఏరివేత పుట్టిన కొద్ది రోజులకే మొదలవుతుంది, ఎందుకంటే పనికొచ్చే పిల్ల అప్పటికే నల్లగా కనిపిస్తుంది. మన పెరట్లో ఎవరికీ ఏరడానికి మనసొప్పదు. అన్నీ ముద్దుగానే ఉంటాయి. దాంతో ఏడువేల లీటర్ల తొట్టిలో మూడువందల పిల్లలు మిగులుతాయి, ఒక్కటీ సరిగ్గా పెరగదు.

పక్క చెరువు నుంచి తెచ్చిన బంగారుతీగ ఒకటి ఆ తొట్టిలో కలిస్తే కథ ఇంకా త్వరగా ముగుస్తుంది. అడవి రంగుదే పైచేయి కాబట్టి మొదటి తరంలో దాదాపు అన్నీ మట్టిరంగువే పుడతాయి. రెండువందల ఏళ్ళ ఏరివేత ఒక్క కాన్పులో చెరిగిపోతుంది.

పుట్టుకతో వచ్చిన ఎరుపుని నిలబెట్టేది తిండి. ఎరుపు, పసుపు రంగుల్నిచ్చే కెరోటినాయిడ్లను చేప ఒళ్ళు తయారుచేసుకోలేదు, తినాల్సిందే. ఖరీదైన మేతలో స్పిరులినా అనే నాచుపొడి కలిపేది అందుకే. అదే పని ఎండబెట్టి పొడిచేసిన బంతిపూల రేకులు, రొయ్య తలలు కూడా చేస్తాయి. దసరాకి గుమ్మాలకి కట్టిన బంతిదండలు మర్నాడు చెత్తకుండీకి పోయే ఊళ్ళో ఇది పట్టించుకోదగ్గ మాటే. పూలకి పురుగుమందు కొట్టారేమో మాత్రం చూసుకోవాలి. నలుపు సంగతి వేరు. అది చల్లటి నీటిలో గాఢంగా తేలుతుందని పెంపకందార్ల అనుభవం. మే నెల బరంపురంలో జపాన్ ఫొటోలోని నలుపు కోసం ఎదురుచూడటం దండగ.

ఇక పెరుగుదల. తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. చేపకి తొట్టి కొలతలు తెలియవు, నీళ్ళ రుచి తెలుసు. మూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, నాలుగడుగుల నీరు ఉన్న తొట్టి తీసుకుందాం. సుమారు 7,200 లీటర్లు. పెద్ద కోయి ఒక్కోదానికి వెయ్యి లీటర్లన్నది పెంపకంలో వాడుక లెక్క, అంటే ఇందులో ఏడు. రోజుకి నూరు గ్రాముల మంచి మేత, 35 శాతం మాంసకృత్తులున్నది, వేశాం అనుకుంటే అందులోంచి సుమారు మూడు గ్రాముల అమ్మోనియా నత్రజని నీళ్ళలోకి వస్తుంది. లీటరుకి 0.4 మిల్లీగ్రాముల పైమాట, ఒక్కరోజుకే. దాన్ని తినే బాక్టీరియా ఫిల్టరులోని ఇటుకముక్కల మీదో వలముద్దల మీదో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో మొదటి నెలలోనే చేపలు పోవడానికి చేతబడి అక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అమ్మోనియా అంతా విషం కాదు, అందులో విషంగా మారే వాటా నీటి పీహెచ్‌ని, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతని, బట్టి పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. 8 దగ్గర ఏడూ ఎనిమిది, 9 దగ్గర దాదాపు 45. పచ్చనీటి తొట్టిలో పగలంతా నాచు కార్బన్ డయాక్సైడు పీల్చేస్తుంటే పీహెచ్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదికి చేరొచ్చు. సరిగ్గా అప్పుడే స్కూలు నుంచి వచ్చిన పిల్లలు మేత వేస్తారు, లేదా వచ్చిన చుట్టాలు ముఢి (మరమరాలు) గుప్పిళ్ళతో విసురుతారు. రాత్రికి సీను మారుతుంది. అదే నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసి, వాడుకోవడం మాత్రమే చేస్తూ, తెల్లవారుజాము నాలుగింటికి నీళ్ళని ఖాళీ చేస్తుంది. అసలే వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర ఏడున్నరే. అంటే శత్రువులిద్దరు షిఫ్టులు వేసుకుని వస్తారు, పగలు ఒకడు, తెల్లవారుజామున ఇంకొకడు. ఉదయం పదింటికి నీళ్ళు పరీక్షించి “అంతా బాగానే ఉంది” అనుకునే ఇంటాయనకి ఇద్దరూ కనపడరు. చేపలు తెల్లారేసరికి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయంటే మేత మానేసి, నీడ పెంచి, నీళ్ళు మార్చాలి. మేత ఎక్కువేయడం వల్ల పెరగని చేపల సంఖ్య, తక్కువేయడం వల్ల పెరగనివాటికంటే చాలా ఎక్కువ.

కోయికి జీర్ణాశయమనే సంచి లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, అందుకే ఒక్కసారి కూరితే సగం అరక్కుండా బయటికొస్తుంది. ఐదు నిమిషాల్లో తినేంత, రోజుకి మూడు నాలుగుసార్లు. ఇలా పెంచితే మన వేడిలో ఏడాదికి జానెడు దాటడం మామూలే.

నీళ్ళు మార్చేటప్పుడు మునిసిపాలిటీ కుళాయి అయితే క్లోరిన్ పోయేలా ఒకరోజు నిలవ ఉంచాలి, లేదా హైపో (క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్) వేయాలి. బోరు నీటికి క్లోరిన్ గొడవ ఉండదు గానీ ఆక్సిజన్ ఉండదు, పైనుంచి ధారగా పడేలా వదలాలి. కొత్త సిమెంటు తొట్టిలోని సున్నం పోవడానికి రెండు మూడు వారాలు నింపడం, వంపడం చేయాలి. అమ్మోనియాని బాక్టీరియా తిన్నాక వచ్చే నైట్రైట్ ఎక్కువైన రోజుల్లో వెయ్యి లీటర్లకి కిలో రాళ్ళుప్పు కాపాడుతుంది. హుమ్మా ఉప్పుమడులున్న గంజాంలో దీనికి కొరతేముంది.

చేపలు హౌరా–చెన్నై లైను మీద ఆక్సిజన్ సంచుల్లో వచ్చినప్పుడు వెంటవచ్చే చేపపేను, కోయి హెర్పిస్ వైరస్ లాంటివి ఇంకో పెద్ద అధ్యాయం. రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడటానికి మించిన మందు దానికి లేదు.

ఈ ప్రాంతానికి ఉన్న పెద్ద గండం అక్టోబరు తుపాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాని వరదల్లో ముంచింది. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి ఉండదు, గాలిపంపు ఆగుతుంది, ఫిల్టరు బాక్టీరియా చస్తుంది. పెద్ద కోయిలు పది పన్నెండు రోజులు మేత లేకుండా ఉండగలవు, ఆక్సిజన్ లేకుండా ఒక్క రాత్రి ఉండలేవు. కాబట్టి తుపాను కబురు రాగానే మేత ఆపేయడం, బకెట్టుతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి తిరిగి పోయడం, ఈ రెండే చేతిలో ఉంటాయి. తొట్టి పొంగితే చేపలు వీధికాలువ పట్టుకుని పొలాలకి, అటునుంచి గెడ్డలకి పోతాయి. అడుగుమట్టిని మూతితో కెలికి నీళ్ళు బురద చేయడం వాటి నైజం. కాశ్మీరు దాల్ సరస్సులో అక్కడి నాటు చేపల్ని బంగారుతీగ ఎలా వెనక్కి నెట్టిందో తెలిసిందే. పొంగు గొట్టానికి కన్ను చిన్నగా ఉన్న జాలీ బిగిస్తే పిల్లలు పోవు. కానీ వేప, మామిడి ఆకులు వచ్చి అడ్డుపడేది కూడా ఆ జాలీకే, దానివల్లే తొట్టి పొంగుతుంది. జోరువాన రోజున గంటకోసారి గొడుగు వేసుకుని వెళ్ళి చెయ్యి పెట్టి తీయాల్సిందే.